నర్సు చెయ్యి, నర్సు చూపు
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆవిణ్ణి వార్డుల్లో కలిసి పనిచేసిన మేమెవ్వరం పేరు పెట్టి పిలిచి ఎరగం. అందరికీ ఆవిడ పెద్ద సిస్టర్‌గారు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, గల్ఫ్‌లో ఉన్నారు, ఇంగ్లండులో ఉన్నారు. ఆవిడ మంచితనం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. ఆవిడ సర్వీసంతా పట్టు వదలకుండా పట్టించుకున్న ఒక విషయం మీద నేను మాట్లాడతాను. గాయానికి చీము పట్టకుండా కాపాడటం, పడితే మొదటిరోజే పసిగట్టడం, పసిగట్టాక సరైన పద్ధతిలో మాన్పించడం.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ గాయం మానుతుందా, సెప్టిక్ అవుతుందా అన్నది చాలాసార్లు మందుల చీటీ రాయకముందే తేలిపోతుంది. కడుక్కున్న చేతుల దగ్గర, డ్రెస్సింగ్ ట్రాలీ దగ్గర, కట్టు విప్పి చూసిన ఆ ఒక్క నిమిషం దగ్గర తేలిపోతుంది. ఆ మూడుచోట్లా ఉండేది నర్సు. కాబట్టి నర్సు చేతికి క్రమశిక్షణ కావాలి, చూపుకు చదువు కావాలి, మాటకు విలువ కావాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఖరీదైన ఆంటీబయాటిక్ ఆ లోటు పూడ్చలేదు.

చేతులు నేర్పిన చరిత్ర

1847లో వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటిదాంట్లో వైద్యవిద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు శిక్షణ పొందేవారు. మొదటి విభాగంలో బాలింతలు సూతికా జ్వరంతో విపరీతంగా చనిపోయేవారు. ఆ విభాగంలో చేర్చుకోవద్దని గర్భిణులు ఏడ్చి ప్రాధేయపడేవారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడికి ఈ తేడా నిద్ర పట్టనివ్వలేదు. ఆ ఏడాది మార్చిలో ఆయన మిత్రుడు కొల్లెట్‌ష్కా, శవపరీక్షలో ఒక విద్యార్థి కత్తి వేలికి గుచ్చుకుని చనిపోయాడు. మిత్రుడి శరీరంలో కనిపించిన మార్పులూ, చనిపోయిన బాలింతల్లో కనిపించిన మార్పులూ ఒకటే. విద్యార్థులు శవాల గదినుంచి నేరుగా కాన్పుల గదికి వస్తున్నారు. జబ్బును మోసుకొస్తున్నవి వాళ్ళ చేతులేనని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. మే నెల మధ్యలో అందరూ క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కోవాలని కట్టడి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌కల్లా నూటికి 2 దగ్గరకు దిగాయి.

ఆయన మాట చాలామంది పెద్దలు వినలేదు. వైద్యుడి చెయ్యే రోగిని చంపుతోందని ఒప్పుకోవడానికి వాళ్ళకు మనసు రాలేదు. సెమ్మెల్‌వైస్ 1865 ఆగస్టులో ఒక మానసిక చికిత్సాలయంలో, కుళ్ళిన గాయంతోనే కన్నుమూశాడు. అదే నెలలో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్, బండి చక్రం కింద పడి కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటపడ్డ 11 ఏళ్ళ కుర్రాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. ఆ రోజుల్లో అటువంటి గాయమైతే కాలు తీసేయడమో, ప్రాణం పోవడమో జరిగేది. ఆ కుర్రాడు ఆరు వారాలకు తన కాళ్ళమీద తాను నిలబడ్డాడు.

మన వృత్తికి దగ్గరైన కథ ఇంకొకటుంది. ఇవాళ ఆపరేషన్ థియేటర్లో అందరూ వేసుకునే రబ్బరు తొడుగులు మొదట తయారైంది ఒక నర్సు చేతుల కోసం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో థియేటర్ నర్సుగా పనిచేసిన కారొలిన్ హాంప్టన్ చేతులు, అప్పట్లో వాడే పాదరసపు ద్రావణానికి పగిలి పుండ్లు పడ్డాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ కంపెనీకి చెప్పి ఆమె కోసం పల్చటి తొడుగులు చేయించాడు. ఆ తొడుగులు రోగినీ కాపాడతాయని ఆ తర్వాత కొన్నేళ్ళకు గానీ అర్థం కాలేదు. నర్సు క్షేమం వేరు, రోగి క్షేమం వేరు అనుకునేవాళ్ళకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మన నేలమీద సుశ్రుతుడు వ్రణచికిత్సకు 60 ఉపక్రమాలు చెప్పాడు. గాయమైనవాడి గది శుభ్రంగా ఉండాలనీ, ఆవాలు, వేపాకులు వంటివాటితో పొగ వేయాలనీ చెప్పాడు. సూక్ష్మజీవి అంటే ఏమిటో తెలియని కాలంలోనే రోగి పక్క చుట్టూ ఉన్న పరిసరాలను కూడా చికిత్సలో భాగంగా చూసిన బుద్ధి అది. ఫ్లారెన్స్ నైటింగేల్‌ది కూడా అదే బుద్ధి. 1859లో ఆవిడ నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో నర్సు రోజులో చాలాసార్లు చేతులు కడుక్కోవాలని చెప్పింది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే ఆస్పత్రి మురికివల్లే ఎక్కువమంది పోతున్నారని లెక్కలు కట్టి, బొమ్మలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. ఆవిణ్ణి దీపం పట్టుకున్న దేవతగా గుర్తుపెట్టుకున్నాం, లెక్కల పుస్తకం పట్టుకున్న నర్సుగా గుర్తుపెట్టుకోలేదు. ఆ లెక్క దగ్గరికి చివర్లో వస్తాను.

చీము ఎందుకు పడుతుంది

విద్యార్థులు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. గాయంలో బాక్టీరియా ఉన్నంతమాత్రాన ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కాదు. ప్రతి తెరిచిన గాయంలోనూ అవి ఉంటాయి. ఊరికే వచ్చి వాలడం ఒక దశ. అక్కడ స్థిరపడినా కణజాలానికి హాని చేయకపోవడం రెండో దశ. పెరిగి గాయం మానకుండా అడ్డుపడటం మూడో దశ. చుట్టుపక్కల చర్మానికి, కండకు పాకడం నాలుగోది. రక్తంలోకి దిగి ఒళ్ళంతా కల్లోలం చేయడం ఆఖరిది. నర్సు పని రెండో దశ మూడో దశగా మారకుండా ఆపడం. మారితే ఆ పూటే కనిపెట్టడం.

ఎవరు గెలుస్తారన్నది సూక్ష్మజీవుల సంఖ్య, వాటి బలం, రోగి ఒంటి శక్తి, ఈ మూడింటిమీద ఉంటుంది. వీటికితోడు గాయంలో మిగిలిపోయిన చచ్చిన కండ, గడ్డకట్టిన రక్తం, దారం ముక్క. 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు మనుషుల చర్మం మీదే ప్రయోగం చేసి ఒక సంగతి చూపించారు. మామూలు చర్మంలో చీము పుట్టాలంటే లక్షల సంఖ్యలో స్టాఫిలోకోకస్ క్రిములు కావాలి. అక్కడ ఒక పట్టు దారం ఉంటే కొన్ని వందలు చాలు. గాయాన్ని శుభ్రం చేసేటప్పుడు చిన్న గాజ్‌గుడ్డ ముక్క, దూది పోగు కూడా లోపల వదలకూడదని పెద్ద సిస్టర్‌గారు ఎందుకంత గట్టిగా చెప్పేవారో ఈ ప్రయోగం గురించి చదివాక నాకు పూర్తిగా బోధపడింది.

కత్తి పెట్టకముందు

నివారణ థియేటర్లో మొదలవదు, ముందురోజు వార్డులోనే మొదలవుతుంది. రోగి సబ్బుతో స్నానం చేసి రావాలి. వెంట్రుకలు అవసరమైతే తప్ప తీయకూడదు. తీయవలసివస్తే క్లిప్పర్‌తో తీయాలి గానీ రేజర్‌తో గీయకూడదు. రేజర్ చేసే కంటికి కనిపించని గాట్లలో బాక్టీరియా రాత్రికి రాత్రే కాపురం పెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో రేజర్ వాడొద్దని నిక్కచ్చిగా చెప్పింది. ఇప్పటికీ చాలాచోట్ల ముందురోజు సాయంత్రం బ్లేడు పట్టుకుని వచ్చే మనిషి కనిపిస్తూనే ఉన్నాడు. ఆ మనిషిని ఆపే అధికారం వార్డు సిస్టర్‌కు ఉండాలి.

నివారణగా ఇచ్చే ఆంటీబయాటిక్ కోత పెట్టడానికి ముందు 2 గంటల లోపల పడాలి. మందును బట్టి ఇంకా దగ్గరగా ఇవ్వవలసి ఉంటుంది. కత్తి పెట్టే వేళకు మందు కణజాలంలో ఉండటమే దాని ప్రయోజనం. శుభ్రమైన ఆపరేషన్ అయ్యాక అదే మందును అయిదు రోజులు, వారం రోజులు పొడిగించడంవల్ల గాయానికి మేలు జరగదు. రక్తంలో చక్కెర 200 దాటకుండా చూడాలి. రోగి ఒళ్ళు చల్లబడకుండా చూడాలి. 1996లో పెద్దపేగు ఆపరేషన్లయిన 200 మందిమీద చేసిన ఒక అధ్యయనంలో, ఒంటి వేడి నిలిపినవారిలో నూటికి 6 మందికి గాయం చీము పట్టింది. ఒళ్ళు చల్లబడినవారిలో నూటికి 19 మందికి పట్టింది. ఏసీ గదిలో పల్చటి గుడ్డ కప్పుకుని స్ట్రెచర్ మీద వణుకుతున్న రోగికి ఒక దుప్పటి కప్పడం దయ మాత్రమే కాదు, చికిత్స కూడా.

ట్రాలీ దగ్గర

ఇక ఆవిడ డ్రెస్సింగ్ రౌండు. పొద్దున్న వార్డు ఊడవడం, పక్కలు సర్దడం అయ్యాక దుమ్ము అణిగేదాకా ట్రాలీ కదిలేది కాదు. ఫ్యాన్లు ఆపించేవారు. చుట్టాలను బయటికి పంపేవారు. ట్రాలీ పై అర తుడిచి ఆరాకే దానిమీద స్టెరైల్ సామాను పెట్టాలి. డ్రమ్ము తెరిచేముందు మూతమీద తేదీ, ఆటోక్లేవ్ టేపు గీతలు నల్లబడ్డాయా లేదా చూడాలి. ఆ టేపు వేడి తగిలిందని చెబుతుందే తప్ప లోపలిదంతా స్టెరైల్ అయిందని హామీ ఇవ్వదని మాకు విడిగా చెప్పేవారు. తడిసిన గాజ్‌గుడ్డ పొట్లం ఉంటే వెనక్కి పంపేవారు, ఎందుకంటే తడి గుండా బాక్టీరియా సులువుగా దిగుతుంది.

వరస మారేది కాదు. శుభ్రమైన కుట్లున్నవాళ్ళు మొదట, చీము ఉన్నవాళ్ళు ఆఖర్న. ఒక్కొక్క మంచం దగ్గరా అదే క్రమం. రోగికి చెప్పి, తెర లాగి, చేతులు శుభ్రం చేసుకుని, మామూలు తొడుగులతో పాత కట్టు విప్పి, అంటిన పొరను సెలైన్‌తో నానబెట్టి మెల్లగా తీసి, దాని మీది మరకను చూసి, పసుపు సంచిలో వేసి, తొడుగులు తీసేసి, మళ్ళీ చేతులు శుభ్రం చేసుకుని, అప్పుడు స్టెరైల్ తొడుగులు. గాజ్‌గుడ్డ ముక్క గాయం మధ్యనుంచి బయటికి ఒక్కసారే తిరగాలి. తిరిగిన ముక్క మళ్ళీ గాయం మీదికి రాకూడదు. గాయాన్ని తాకే పరికరం కొనను చెయ్యి తాకకూడదు. ఇప్పుడు ప్రపంచమంతా ‘నాన్ టచ్ టెక్నిక్’ అని నేర్పుతున్నది ఇదే.

పాత వార్డుల్లో ఒక జాడీలో లోషన్ పోసి, సామాను అందుకునే చీటిల్ ఫోర్సెప్స్ నిలబెట్టేవారు. రోజంతా అందరూ అదే వాడేవారు. లోషన్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. అటువంటి జాడీ రక్షణ ఇవ్వదు, రక్షణ ఉందన్న భ్రమ మాత్రం ఇస్తుంది. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క స్టెరైల్ సెట్టు ఉండాలి. ఆస్పత్రి పెద్దలు డబ్బు పెట్టవలసిన చోటు ఇది.

చేతుల గురించి మరికొంచెం. ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్ళయితే 40 నుంచి 60 సెకన్లు. రోగిని తాకేముందు, స్టెరైల్ పనికి ముందు, రక్తం, చీము వంటివి తగిలే పని తర్వాత, రోగిని తాకాక, రోగి చుట్టుపక్కల వస్తువులను తాకాక. మొత్తం ఈ అయిదు వేళలు. తొడుగులు వేసుకున్నాం కదా అని చేతులు కడగడం మానకూడదు. మన ఆడపిల్లలకు గాజులూ ఉంగరాలూ తీయాలంటే ఇంట్లో పెద్దవాళ్ళతో చిక్కు వస్తుంది. ఆ చిక్కు నాకు తెలుసు. మోచేతి దాకా ఏమీ లేకుండా ఉన్నప్పుడే చెయ్యి పూర్తిగా శుభ్రపడుతుంది. డ్యూటీలో తీసి, డ్యూటీ దిగాక వేసుకోండి. ఇది అశుభం కాదని మీ అత్తగారికి చెప్పడానికి నేను రమ్మంటే వస్తాను.

చూపుకు చదువు

ఎరుపు, వేడి, వాపు, నొప్పి. ఈ నాలుగు గుర్తులూ రెండు వేల ఏళ్ళనాడు రోమన్ రచయిత సెల్సస్ చెప్పినవే. ఇవాళ్టికీ చెల్లుతాయి. కానీ పాఠ్యపుస్తకాల్లో ఎరుపు తెల్ల చర్మం మీది ఎరుపు. మన చామనఛాయ, నల్లటి చర్మం మీద అది ఊదారంగుగానో, చుట్టుపక్కల కంటే ఇంకా నల్లగానో, ఒక్కోసారి మెరుపుగానో కనిపిస్తుంది. కంటితో ఆగకూడదు. చేతి వెనకవైపు ఆనించి వేడి చూడాలి, వేలితో మెల్లగా నొక్కి గట్టిపడిందా చూడాలి, అవతలి వైపు చర్మంతో పోల్చాలి. కుట్టు దగ్గర నొప్పి తగ్గుతూ రావాలి. తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరిగితే, నిన్నటిదాకా మంటగా ఉన్నది ఇవాళ సలుపుగా మారితే, అది గాయం ఇస్తున్న కబురు. రసి పల్చగా, లేత పసుపుగా ఉంటే ఒక సంగతి, చిక్కబడి చీముగా మారితే ఇంకో సంగతి. కట్టుమీద ఆకుపచ్చ, నీలం కలిసిన మరకా, ఒక విధమైన తియ్యటి వాసనా ఉంటే సూడోమోనాస్ అని అనుమానించాలి.

కాలం కూడా ఒక గుర్తే. ఆపరేషన్ గాయంలో మామూలు ఇన్ఫెక్షన్ ఎక్కువగా 4వ రోజు తర్వాత పైకి తేలుతుంది. మొదటి రెండు రోజుల్లోనే గాయం దగ్గర భరించలేని నొప్పి, బూడిద రంగు నీళ్ళలాంటి స్రావం, చర్మం నొక్కితే చిటపటమన్నట్టు ఉండటం, ఇవి కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. పైకి కనిపించేదానికంటే నొప్పి మరీ ఎక్కువగా ఉండటం కండ తినేసే ఇన్ఫెక్షన్‌కు తొలి లక్షణం. ఆ రోగికి కావలసింది మాత్ర కాదు, సర్జన్.

షుగర్ ఉన్నవాళ్ళ పాదం విషయంలో ఈ గుర్తులన్నీ మోసం చేస్తాయి. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. చెప్పులో గులకరాయి పడినా రోజంతా నడిచేస్తారు. రక్తప్రసారం తగ్గి ఎరుపు, వేడి కనిపించకపోవచ్చు. వెల్లూరులో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాలను చూసి, వేళ్ళు అరిగిపోవడానికి జబ్బు నేరుగా కారణం కాదనీ, నొప్పి తెలియకపోవడంవల్ల పదేపదే తగిలే దెబ్బలు కారణమనీ తేల్చారు. ఆ పాఠమే ఇవాళ షుగర్ పాదానికి పనికొస్తోంది. ఎంత మంచి కట్టు కట్టినా ఆ పుండు మీద బరువు మోపి నడుస్తున్నంతకాలం అది మానదు. కాబట్టి చెప్పులూ వేళ్ళ సందులూ చూడటం, నాడి ఆడుతోందా చూడటం కూడా డ్రెస్సింగ్‌లో భాగమే. పుండు చుట్టూ ఎరుపు 2 సెంటీమీటర్లు దాటినా, లోతున ఎముక తగులుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

చీము పడ్డాక

చీము పడ్డ గాయానికి మొదటి చికిత్స చీము బయటికి పోయే దారి ఇవ్వడం. డాక్టరు కుట్లు విప్పితే రోగి భయపడతాడు, ఆపరేషన్ చెడిపోయిందనుకుంటాడు. లోపల దాగిన చీమును మందు చేరలేదు, తెరిస్తేనే మానుతుందని ఆ క్షణంలో చెప్పవలసింది పక్కన నిలబడ్డ నర్సు. చచ్చిన కండ తీసేశాక గాయాన్ని గోరువెచ్చటి సెలైన్‌తో కడగాలి. ఊరికే తుడిస్తే చాలదు, సిరంజితో తగినంత ఒత్తిడితో కడగాలి. బెటాడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ దట్టించడం మనకు అలవాటైపోయింది. అవి బాక్టీరియాతోపాటు కొత్తగా పుడుతున్న కణాలను కూడా చంపగలవు. ఎర్రగా, నేరేడు పండు గుజ్జులా కాకుండా దానిమ్మ గింజల్లా మిలమిలలాడుతూ కొత్త కండ కనిపిస్తుంటే, దానికి ఆ మందులు అక్కర్లేదు.

కల్చర్‌కు స్వాబ్ తీయడానికీ ఒక పద్ధతి ఉంది. పైన నిలిచిన చీములో పుల్ల ముంచి పంపితే అక్కడ తేలుతున్న బాక్టీరియా పేరు వస్తుందే గానీ కండలో ఉన్నదాని పేరు రాదు. ముందు సెలైన్‌తో కడిగి, శుభ్రంగా కనిపించే చోట ఒక చదరపు సెంటీమీటరు మేర, లోపలి ద్రవం ఊరేలా నొక్కి 5 సెకన్లు తిప్పి తీయాలి. వీలైనంతవరకు ఆంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. తప్పుడు స్వాబ్ తప్పుడు మందుకు దారితీస్తుంది.

గాయానికి గాలి తగిలి ఎండితే మంచిదని మనవాళ్ళ నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, ఎండి పక్కు కట్టిన గాయంకంటే పల్చటి పొర కింద తేమగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. తేమ ఉండాలి, మడుగు కట్టకూడదు. రసి ఎక్కువైతే పీల్చే కట్టు, తక్కువైతే తేమ నిలిపే కట్టు. కండ, ఇన్ఫెక్షన్, తేమ, గాయం అంచు, ఈ నాలుగూ ప్రతి డ్రెస్సింగ్‌లోనూ చూసి రాయాలి. కుట్టిన శుభ్రమైన గాయం అయితే మొదటి 48 గంటలు, కారణం లేకుండా కట్టు విప్పకపోవడమే మేలు.

వీటన్నిటికంటే ముఖ్యం, చూపు గాయం మీదే ఆగిపోకూడదు. గాయం ఉన్న రోగి ఆయాసపడుతున్నా, ఊపిరి నిమిషానికి 22కు చేరినా, పై బీపీ 100కు దిగినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది సెప్సిస్ కావచ్చు. ముసలివాళ్ళకు జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లబడవచ్చు కూడా. ‘మా నాయన రాత్రినుంచి అదోలా ఉన్నాడు సిస్టర్’ అని కొడుకు చెప్పిన మాటను కొట్టిపారేయకండి. ఆ మాట ఏ మానిటరుకంటేనైనా ముందు మోగే గంట.

ఇంటిదాకా వెళ్ళే గాయం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లు. దేశం సగటు 21.5. అంటే తెలుగు ఇళ్ళల్లో ఇవాళ అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఆపరేషన్ గాయం బాలింత పొత్తికడుపు మీదిది. ఆమె మూడు నాలుగు రోజులకు డిశ్చార్జి అవుతుంది. చీము పైకి తేలేది ఆ తర్వాత. ఆస్పత్రి లెక్కల్లో ఆ గాయం మానినట్టే ఉంటుంది, ఊళ్ళో మాత్రం అది రసి కారుతుంటుంది.

డిశ్చార్జి రోజున ఒకావిడ తన కోడలి పథ్యం గురించి పెద్ద సిస్టర్‌గారితో వాదించడం నేను విన్నాను. ‘పప్పు పెడితే చీము పడుతుంది సిస్టరమ్మా, మా ఇంట్లో కారప్పొడీ అన్నమే పెడతాం’ అందావిడ. సిస్టర్‌గారు కోప్పడలేదు. ‘గోడ కూలితే ఇటుకలు కావాలా వద్దా అత్తమ్మా? గాయం పూడాలన్నా అంతే. పప్పూ గుడ్డూ పాలూ ఆ ఇటుకలు. చీము పట్టించేది పప్పు కాదు, చేతి మురికి’ అన్నారు. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు గానీ గుడ్డు దాకా వచ్చింది. చీము భయంతో పప్పు, గుడ్డు మాన్పించే పథ్యం మన ప్రాంతంలో ఎన్ని గాయాలను ఆలస్యం చేస్తోందో చెప్పలేం. పసుపు, కాఫీపొడి, పేడ కుట్లమీద పెట్టకూడదనీ, తడి పొత్తికడుపు మడతలో నిలవకుండా మెత్తగా అద్ది ఆరబెట్టాలనీ, నడుముకు కట్టే గుడ్డ ఉతికినదై ఉండాలనీ ఇంటి భాషలో చెప్పాలి. చీటీ రాసిచ్చి పంపితే చాలదు. పెట్టేది, కడిగేది, కట్టేది ఎవరో వాళ్ళతో చెప్పాలి.

మందు మీద భారం

1948లో వైద్యలోకానికి అందిన ఆరియోమైసిన్ అనే ఆంటీబయాటిక్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా సారథ్యం వహించిన లెడర్లే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టినది. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మొదటిది. తెలుగువాళ్ళం గర్వపడదగ్గ సంగతి. అటువంటి మందులను మనం ఎలా వాడుకున్నాం? మెథిసిలిన్ 1959లో వచ్చింది, రెండేళ్ళకే దానికి లొంగని స్టాఫిలోకోకస్ బయటపడింది. ఇప్పుడు ఆఖరి వరస మందులకు కూడా లొంగని బాక్టీరియా మన ఐసీయూల్లో ఉంది. కొత్త మందు వచ్చేదాకా మన చేతిలో మిగిలిన నమ్మకమైన ఆయుధం నివారణే. కడిగిన చేతికి ఎదురుతిరిగే శక్తి ఏ బాక్టీరియా ఇంకా సంపాదించలేదు.

లెక్క

ఆఖరుగా లెక్క దగ్గరికి వస్తాను. కెనడాలోని కాల్గరీలో క్రూస్, ఫూర్డ్ అనే ఇద్దరు పదేళ్ళపాటు 62,939 ఆపరేషన్ గాయాలను వరసగా గమనించి 1980లో ఫలితాలు ప్రకటించారు. ఎవరి ఇన్ఫెక్షన్ రేటు ఎంతో ఆ సర్జన్‌కు తెలియజేస్తూ వెళ్ళడమే రేటు తగ్గించిందని వాళ్ళు చూపించారు. 1985లో అమెరికా ఆస్పత్రుల మీద వచ్చిన పెద్ద అధ్యయనం కూడా, గట్టి నిఘా, శిక్షణ పొందిన ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉన్నచోట ఆస్పత్రి ఇన్ఫెక్షన్లలో సుమారు మూడోవంతు నివారించవచ్చని తేల్చింది. గాయాలను వదలకుండా లెక్కపెట్టడమే చికిత్సలో ఒక భాగమైంది.

అందుకని యాజమాన్యాలకు నా విన్నపాలు మూడు. ప్రతి వార్డులో మోచేత్తో తిప్పే కొళాయీ, ప్రతి మంచం దగ్గరా ఆల్కహాల్ రబ్బూ ఉండాలి. అవి లేకుండా చేతులు కడుక్కోలేదని నర్సును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. రెండోది, మనుషులు. ఒక్క సిస్టర్ మీద వార్డంతా వదిలేస్తే ఏ వరసా నిలవదు. క్రమశిక్షణకు సమయం కావాలి. మూడోది, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు వేరే డ్యూటీలు అంటగట్టకండి, ఆమె మాట విని వార్డులో పద్ధతి మార్చండి.

ఈ నర్సింగ్ కాలేజీకి ఒక ప్రతిపాదన. పెద్ద సిస్టర్‌గారి పేరిట ఒక గాయాల రిజిస్టరు మొదలుపెట్టండి. మన అనుబంధ ఆస్పత్రిలో జరిగిన ప్రతి సిజేరియన్‌ను 30 రోజుల వరకు వెంబడించాలి. రోగి వివరాలు గోప్యంగా ఉంచుతూ విద్యార్థులే ఫోన్ చెయ్యాలి. నొప్పి పెరిగిందా, రసి ఉందా, కుట్టు విడిందా, జ్వరం వచ్చిందా అని నాలుగు ప్రశ్నలు అడగాలి. అనుమానం ఉంటే ఆ ఊరి ఏఎన్‌ఎమ్‌కు కబురు చెయ్యాలి. నెలకొకసారి డాక్టర్లు, సిస్టర్లు, థియేటర్ సిబ్బంది ఒకచోట కూర్చుని ఆ లెక్క చదవాలి. ఎవరినీ దోషిగా నిలబెట్టడానికి కాదు, ఏ మెట్టు దగ్గర జారామో వెతకడానికి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక పుస్తకం, ఒక ఫోను, పట్టుదల చాలు.

ఇవాళ చదువుకుంటున్న పిల్లలు ఆ రిజిస్టరులో రాసే మొదటి బ్యాచ్ కావాలని నా కోరిక. రాయడం మొదలుపెడితే గాయం చూసే మీ కన్ను మారుతుంది. కన్ను మారితే మీరు డాక్టరుతో చెప్పే మాట బలపడుతుంది. ఆ మాట బలపడితే మన రాష్ట్రాల్లో ఎందరో తల్లులు చీము పట్టని గాయంతో, భయంలేకుండా బిడ్డకు పాలిస్తారు. పెద్ద సిస్టర్‌గారి పేరు చెప్పుకోవడానికి మనకు అంతకంటే అర్హత ఇంకోటి లేదు.